పలకరిస్తే పలకలేకపోయిన మనిషి: ఒక కేస్ స్టడీ

"మేడమ్, అమ్మ పోయిన బాధ ఒక ఎత్తు, జనం పలకరింపులు ఒక ఎత్తు. నిజం చెప్పాలంటే రెండోదే నావల్ల కావట్లేదు. ఇలా అనడం తప్పేమో."

మొదటి సెషన్‌లో కూర్చున్న రెండు నిమిషాలకే ఆయన అన్న మాట ఇది. ఉన్నదున్నట్టు నోట్స్‌లో రాసుకున్నాను. కానీ ఆ మాట నాకు నిజంగా అందింది నాలుగో సెషన్‌లో. ఈ మధ్యలో నేను చేసిన పొరపాటు కూడా ఈ కేసులో భాగమే కాబట్టి దాన్నీ రాస్తున్నాను. అమ్మనో నాన్ననో పోగొట్టుకున్నవాళ్ళతో పనిచేసే తోటి కౌన్సెలర్లకీ, అదే బాధలో ఉండి ఫోన్ మోగితే గుండె గుభేల్‌మనేవాళ్ళకీ ఇది పనికొస్తుందని నమ్ముతున్నాను. రాసే ముందు ఆయన అనుమతి తీసుకున్నాను, రాశాక చదివి వినిపించాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు నేపథ్యం

వయసు 38. భార్య, ఆరేళ్ళ పాప. ఆఫీసులో పదిమంది టీమ్‌ని చూసుకునే ఉద్యోగం. వాళ్ళ అమ్మగారు 14 నెలలు జబ్బుపడి, ఆయన నా దగ్గరికి రావడానికి పది వారాల ముందు చనిపోయారు. చివరి నెలల్లో ఆవిడ కూతురి దగ్గర, అంటే మన క్లయింట్ వాళ్ళ అక్క దగ్గర ఉన్నారు. నాన్నగారు ఇప్పుడూ అక్కడే ఉంటున్నారు.

ఆయన్ని నా దగ్గరికి పంపింది భార్య. ఆవిడ ఫోన్లో చెప్పింది ఇంతే: "రాత్రి రెండింటికి లేచి ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఏం చూస్తున్నారో తెలీదు. ఎవరికీ జవాబు మాత్రం ఇవ్వట్లేదు. వాళ్ళ అక్కతో రెండుసార్లు గొడవైంది దీని మీదే." అక్క కోపం ఏమిటంటే, మనుషులు పలకరిస్తే పలకాలి కదా, తమ్ముడేంటి ఇలా మొండికేశాడు అని.

ఆ రోజుకి ఆయన ఫోన్‌లో చదవకుండా వదిలేసిన మెసేజ్‌లు 64. ఆ సంఖ్య ఆయనే చెప్పారు, చూడకుండానే.

మామూలుగా చేసే అంచనా చేశాను. డిప్రెషన్ లక్షణాలను కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 27కి 11 వచ్చింది. అంటే లక్షణాలు మధ్యస్థ స్థాయిలో ఉన్నట్టు. చనిపోవాలన్న ఆలోచనల గురించి సూటిగా అడిగాను, లేవు. నిద్ర చెదిరింది, ఆకలి కొంచెం తగ్గింది, ఆఫీసు పని నడుస్తోంది. పాపతో ఆడుకునేటప్పుడు నవ్వు వస్తోందట. నవ్వాక కాసేపటికి గిల్టీగా ఉంటుందట. బాధ రోజంతా ఒకేలా ఉండట్లేదు, అలలా వచ్చి పోతోంది, అమ్మను గుర్తుచేసేది ఏదైనా తగిలినప్పుడు ఎక్కువవుతోంది. తన మీద తనకి అసహ్యం లేదు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఇది డిప్రెషన్ కన్నా శోకంలానే కనిపించింది. దీర్ఘకాలిక శోక రుగ్మత, అంటే ఎంతకాలమైనా తగ్గకుండా బతుకుని ఆపేసే శోకం, అనే మాట ఇక్కడ తేకూడదు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తెచ్చిన డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్ళకి కనీసం 12 నెలలు గడవాలి. పది వారాలకే మనిషి మీద అలాంటి ముద్ర వేయడం అన్యాయం.

అయితే శోకంలో ఉన్న ప్రతివాళ్ళకీ కౌన్సెలింగ్ అవసరం లేదు. క్యూరియర్, నైమయర్, బెర్మన్ అనే పరిశోధకులు 2008లో చాలా అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు తేలింది కూడా అదే. అందరికీ ఇచ్చే సహాయం వల్ల సగటున పెద్ద తేడా కనిపించలేదు, బాగా ఇబ్బంది పడుతున్నవాళ్ళకే ప్రయోజనం కనిపించింది. ఈయన విషయంలో నేను ఒప్పుకోవడానికి కారణం రాత్రి రెండింటి ఫోన్, అక్కతో గొడవ. చుట్టూ చేతులు చాచినవాళ్ళు ఉన్నా ఒక్కరి చెయ్యీ పట్టుకోలేకపోతున్న మనిషి ఆయన.

మొదట నేను అనుకున్నది

నా తొలి అంచనా సులువుగా తయారైంది. మెసేజ్‌లు పేరుకుంటున్నాయి, పేరుకున్నకొద్దీ గిల్ట్, గిల్ట్ వల్ల ఇంకా తప్పించుకోవడం. పుస్తకాల్లో కనిపించే వలయమే. ఏం రాయాలో తెలియక ఆగిపోయాడు, రాయడానికి మాటలు అందిస్తే కదులుతాడు అనుకున్నాను.

రెండో సెషన్‌లో కాగితం మీద వలయాలు గీశాం. సూసన్ సిల్క్, బ్యారీ గోల్డ్‌మన్ 2013లో చెప్పిన పద్ధతి ఇది. నడిమధ్య దెబ్బ తగిలిన మనిషి, చుట్టూ దగ్గరివాళ్ళు, ఆ చుట్టూ కొంచెం దూరంవాళ్ళు. ఓదార్పు లోపలికి వెళ్ళాలి, ఏడుపూ ఫిర్యాదూ బయటికి వెళ్ళాలి. ఆయన మధ్యలో ముందు నాన్న పేరు రాశారు. తర్వాత అక్క పేరు. పెన్ను పక్కన పెట్టేశారు. "మీరు?" అని అడిగితే కాసేపు చూసి, అదే వలయంలో ఒక మూల చిన్న అక్షరాలతో తన పేరు రాసుకున్నారు. పది వారాలుగా అందరూ ఆయన్ని అడిగింది "నాన్నగారు ఎలా ఉన్నారు? జాగ్రత్తగా చూసుకో" అనే. కొడుకు అనేసరికి చాలామందికి బాధపడే మనిషి కనపడడు, బాధ్యత మోసే మనిషే కనపడతాడు. తనకీ తను అలాగే కనపడుతున్నాడు.

ఆ తర్వాత ఎవరికి ఏం రాయాలో నాలుగైదు జవాబులు తయారుచేశాం. మంచి జవాబులే. హోమ్‌వర్క్‌గా రోజుకి మూడు పంపమన్నాను.

మూడో సెషన్‌కి వచ్చారు. ఒక్కటీ పంపలేదు. నేను నిరుత్సాహపడ్డ సంగతి ఆయనకి తెలిసిపోయింది. "సారీ మేడమ్" అన్నారు. అమ్మ పోయిన మనిషి చేత నాకు సారీ చెప్పించుకున్నాను. ఆయన జవాబివ్వాల్సిన 64 మెసేజ్‌లు సరిపోక నేను అరవై అయిదోది అయ్యాను.

అయినా ఆ సెషన్‌లో ఒక మంచి పని జరిగింది. రోల్ ప్లే చేశాం. నేను పక్కింటావిడ, ఆఫీసు మనిషి, దూరపు బంధువు ఇలా మారుతూ అడిగాను, ఆయన జవాబిచ్చారు. అక్కడ ఏ తడబాటూ లేదు. "బయట ఎవరైనా ఎదురుపడితే కూడా ఇలాగే మాట్లాడతారా?" అన్నాను. "మాట్లాడతాను. కష్టమే, కానీ మాట్లాడతాను. ఫోన్‌లోనే నావల్ల కాదు."

అంటే మాటలు రాక కాదు. నేను నేర్పుతున్నది ఆయనకి ముందే వచ్చు.

ముప్పై ఒకటో వరస

నాలుగో సెషన్‌లో ఏ పద్ధతీ పట్టుకెళ్ళలేదు. "రాత్రి రెండింటికి ఏం చేస్తారో ఇక్కడ చేసి చూపించండి. జవాబులు రాయక్కర్లేదు" అన్నాను.

ఫోన్ తీశారు. మెసేజ్ యాప్ తెరిచారు. పైనున్న చదవని చాట్‌లు వేటినీ ముట్టుకోలేదు. బొటనవేలితో మెల్లగా కిందికి జరుపుకుంటూ వెళ్ళారు, పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నారని అర్థమవడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. ఒక చోట వేలు ఆగింది. ఫోన్ నా వైపు తిప్పారు. "అమ్మ" అని ఉంది.

"నిన్న ఇరవై తొమ్మిది. ఇవాళ ముప్పై ఒకటి."

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ పేరు మొదటి స్క్రీన్ దాటి కిందికి పోలేదు. రోజూ ఏదో ఒకటి పంపేవారు. ఆవిడ పోయాక వచ్చిన ప్రతి పలకరింపూ జాబితాలో పైకి ఎక్కుతోంది, అమ్మ పేరు ఒక వరస కిందికి దిగుతోంది. ఈయన జవాబిస్తే వాళ్ళు మళ్ళీ ఏదో రాస్తారు. ఎవరో గ్రూప్‌లో ఇంకోటి పెడతారు. "అమ్మ గురించి అడగడానికే పెడతారు మేడమ్, అమ్మనే కిందికి నెట్టేస్తారు."

ఇక్కడ నేను రెండో తొందరపాటు చేశాను. చాట్‌ని పైన పిన్ చేసుకోవచ్చు కదా అన్నాను. ఫోన్ వాడే ఎవరైనా అదే అంటారు.

"తెలుసు. చేసి చూశాను, తీసేశాను. పిన్ చేస్తే అది నేను పెట్టిన చోట ఉంటుంది. ఇదివరకు అమ్మే పైకి వచ్చేది."

ఆ గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆయన అప్పుడు ఏడ్చారు. నా ముందు ఏడవడం అదే మొదటిసారి. అమ్మ ఇక తనంతట తాను రాదు అన్న సంగతి అన్నిటికన్నా గట్టిగా ఆయనకి తెలుస్తున్నది ఆ జాబితాలోనే. ఆ సంగతిని రోజూ ఒక్కో వరస చొప్పున ఆయనకి చెబుతున్నది జనం పంపే మంచి మాటలే.

పలకరింపులకి జవాబివ్వని మనిషిని చూస్తే మనకి వెంటనే తోచేవి కొన్ని ఉంటాయి: పొగరు, బద్ధకం, డిప్రెషన్, మొండితనం. మా వృత్తిలో అయితే తప్పించుకోవడం అంటాం. ఈయన తప్పించుకోవట్లేదు, కాపలా కాస్తున్నారు. పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే శోకం తీరుతుందని ఒకప్పుడు గట్టిగా నమ్మేవాళ్ళు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే పరిశోధకులు ఆ నమ్మకాన్ని ప్రశ్నించారు. చాలామంది ఆ బంధాన్ని తెంచుకోకుండా, దాని రూపం మార్చుకుని బతుకుతారని చూపించారు. ఆ మాట నేను ఎంతోమందికి చెప్పాను. అది ఒక ఫోన్ తెర మీద ముప్పై ఒకటో వరసలో ఉంటుందని మాత్రం ఊహించలేదు.

ఇరవై రెండు సెకన్లు

అయిదో సెషన్‌లో మిగతాది బయటికొచ్చింది. ఆ చాట్‌లో చివరిది ఒక వాయిస్ మెసేజ్. నిడివి 22 సెకన్లు. ఆయన ఇంకా వినలేదు. అది వచ్చినప్పుడు మీటింగ్‌లో ఉన్నారు, సాయంత్రం తీరిగ్గా విందామనుకున్నారు. ఆ సాయంత్రమే ఆవిడకి స్పృహ తప్పింది, మళ్ళీ రాలేదు.

"అమ్మ పలకరిస్తేనే పలకలేదు నేను. ఇప్పుడు వీళ్ళందరికీ పలకాలా?"

ఇలాంటి చోట "మీ తప్పేం లేదు" అని నోటిదాకా వస్తుంది. నేను అనలేదు. ఇంట్లోవాళ్ళు అన్నారు, స్నేహితుడు అన్నాడు, ఏదీ ఆనలేదు. పైనుంచి అంటించే మాట ఏదైనా ఆయన దగ్గర నిలవదని అప్పటికి నాకు తెలిసింది. బదులుగా ఒకటి అడిగాను: మామూలు రోజుల్లో అమ్మ మెసేజ్ పెడితే మీరెప్పుడు జవాబిచ్చేవారు?

ఆలోచించి, మళ్ళీ ఫోన్ తీసి, అదే చాట్‌లో పైకి జరిపారు. అమ్మ, ఉదయం 11:40. ఈయన, సాయంత్రం 7:15. అమ్మ, మధ్యాహ్నం 2:05. ఈయన, రాత్రి 8:30. అలా ఒక నెల, రెండు నెలలు, ఆరు నెలలు. ఎక్కడో ఒకచోట ఆవిడ రాసిన మాట కనిపించింది: "తీరిగ్గా విను, తొందరేం లేదు." ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు.

ఆ రోజు ఆయన చేసింది కొత్తగా చేసిన నిర్లక్ష్యం కాదు. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరి మధ్యా నడిచిన అలవాటే. అమ్మకి అది తెలుసు, ఆవిడే దానికి ఒప్పుకుంది. ఈ ముక్క నేను చెప్పలేదు. ఇంటికెళ్తూ తలుపు దగ్గర ఆగి ఆయనే అన్నారు. గిల్ట్ ఆ రోజుతో పోయిందని రాయలేను, పోలేదు. రాత్రి రెండింటికి లేవడం మాత్రం ఆ వారం రెండు రాత్రులకి తగ్గింది.

ఆ మెసేజ్ వినమని నేను ఎప్పుడూ అడగలేదు. కొందరు నిపుణులు ఇలాంటిచోట ధైర్యం చేయించి వినిపిస్తారు. అది తప్పనను. కానీ అమ్మ దగ్గర నుంచి రావాల్సింది ఇంకా ఒకటి మిగిలి ఉంది అన్న ఆసరా మీద మనిషి నిలబడి ఉన్నప్పుడు, దాన్ని ఎప్పుడు ఖర్చుపెట్టుకోవాలో ఆ మనిషికే తెలియాలి.

అక్క

ఆరో సెషన్‌కి, ఆయన కోరిక మీదే, అక్క కూడా వచ్చారు. మొదటి పది నిమిషాలు ఆవిడ మాటల్లో కోపమే. "వీడు పలకడు కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. వాడెలా ఉన్నాడు, నాన్నెలా ఉన్నారు, చివర్లో ఏం జరిగింది. అదే కథ రోజూ మొదట్నుంచి చెప్పాలి. నేనెలా ఉన్నానో అడిగినవాళ్ళు లేరు."

తమ్ముడు తల వంచుకుని విన్నారు. తర్వాత ఫోన్ తీసి ముప్పై ఒకటో వరస గురించి ఆవిడకి చెప్పారు. అప్పటికి అది ముప్పై ఆరు. ఆవిడ ఏమీ అనలేదు. తన ఫోన్ తీసి చూసుకున్నారు. ఆవిడ జాబితాలో అమ్మ పేరు ఎక్కడుందో ఆవిడ అంతవరకు చూసుకోలేదు, ఎందుకంటే చివరి నెలల్లో అమ్మ పక్క గదిలోనే ఉంది, మెసేజ్ పెట్టాల్సిన పనే లేదు. వెతికితే ఎక్కడో అడుగున దొరికింది. ఇద్దరూ ఒకళ్ళ ఫోన్ ఒకళ్ళకి ఇచ్చి చూసుకున్నారు. ఆ గదిలో నేను చేసిన పని ఏమీ లేదు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి బంధువుల గ్రూప్‌లో పెట్టడానికి ఒక మెసేజ్ రాశారు. ఎక్కడ ఆగారో, ఏది కొట్టేశారో చూస్తూ కూర్చున్నాను. చివరికి మిగిలింది ఇది: "అమ్మ గురించి మీరందరూ అడుగుతున్నారు, మాకు అది ధైర్యంగా ఉంది. విడివిడిగా జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు మా ఇద్దరికీ లేదు. మెసేజ్‌లన్నీ చదువుతాం. చివరి రోజుల వివరాలు దయచేసి అడగవద్దు. అమ్మ గురించి మీకు గుర్తున్న సంగతి ఏదైనా ఉంటే రాయండి, అది మాకు కావాలి." కింద ఇద్దరి పేర్లు.

"తర్వాత అందరికీ ఫోన్ చేస్తాం" అనే వాక్యం అక్క రాశారు, నేను కొట్టేయమన్నాను. ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. శోకంలో ఉన్న మనిషి మొహమాటానికి ఇచ్చే ప్రతి మాటా తర్వాత తీర్చాల్సిన అప్పు అవుతుంది. ఇవ్వగలిగింది మాత్రమే ఇవ్వాలి.

ఆ మెసేజ్‌కి వచ్చిన జవాబుల్లో, వాళ్ళ అమ్మగారు పెళ్ళి కాకముందు సైకిల్ నేర్చుకుంటూ పడిపోయిన సంగతి ఒకటి ఉంది. పిల్లలిద్దరికీ అప్పటివరకు తెలియదు. ఆ తర్వాతి సెషన్‌లో ఆయన ఆ కథ నాకు చెబుతూ మొదటిసారి గిల్ట్ లేకుండా నవ్వారు. "ఇలాంటివి పెడితే కిందికి జరిగినా పర్లేదనిపించింది" అన్నారు.

"ఎలా ఉన్నావు?"

అప్పుడు గానీ మాటల పని మొదలుపెట్టలేదు. రెండో సెషన్‌లో నేను తొందరపడి తెచ్చిన జవాబుల కాగితం మళ్ళీ బయటికి తీశాం. చాలావరకు మార్చేశాం.

ఆయన్ని అన్నిటికన్నా ఇరుకున పెట్టే ప్రశ్న అందరూ అడిగేదే. ఎలా ఉన్నావు? "బాగున్నానంటే అమ్మ పోయినా నాకేం పట్టనట్టు. బాగాలేదంటే అవతలివాళ్ళ మొహం మారిపోతుంది, ఇక నేనే వాళ్ళకి ధైర్యం చెప్పాలి." ఆ ప్రశ్నలో కాలం ఎంత అన్నది లేదు, అందుకే జవాబు అబద్ధంలా అనిపిస్తుంది. మొత్తం బతుకు ఎలా ఉందని అడిగినట్టుంటుంది. స్ట్రీబె, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పినదాని ప్రకారం శోకంలో ఉన్న మనిషి రెండు ఒడ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాడు. కాసేపు పోయినవాళ్ళ బాధలో, కాసేపు రోజువారీ బతుకును సర్దుకోవడంలో. ఆ తిరగడమే ఆరోగ్యం. ఆఫీసులో పదింటికి పర్వాలేదనడం నిజం, రాత్రి పదింటికి తట్టుకోలేకపోవడం కూడా నిజం.

దీన్ని మాట్లాడుకుంటుంటే ఆయనకే ఒక జవాబు దొరికింది: "ఈ పూట పర్లేదు." నాకు తెలిసి ఇంతకన్నా నిజాయితీగల జవాబు లేదు. బాగున్నానని ఒప్పుకోనక్కర్లేదు, అవతలివాళ్ళని భయపెట్టనక్కర్లేదు. బాగాలేని రోజున "ఈ పూట బాలేదు, రేపు చూద్దాం" అంటే చాలు. చిన్న మాట అయినా "పూట" అనేసరికి బరువు ఒక్క పూటది అవుతుంది.

"నాన్నగారు ఎలా ఉన్నారు?" అన్నవాళ్ళకి: "నాన్న పర్లేదండీ. నేనే ఇంకా తేరుకోలేదు." ఇది మొదటిసారి అన్నప్పుడు అవతలి పెద్దాయన ఫోన్‌లో కాసేపు ఆగి, "అవును కదా నాయనా, నిన్ను అడగనే లేదు" అన్నారట.

"జబ్బుతో నరకం పడింది, పోవడమే మంచిదైంది" అన్నవాళ్ళ మీద ఆయనకి విపరీతమైన కోపం. ఏం అనాలో చాలాసేపు ఆలోచించాం. చివరికి: "ఆవిడకి బాధ తీరింది, నిజమే. మాకు తీరలేదు." గొడవ పడకుండా నిజం చెప్పే మాట. కొందరికి ఈ జవాబు కూడా అక్కర్లేదు, మౌనం చాలు. అన్ని మెసేజ్‌లకీ జవాబు ఇవ్వాలన్న చట్టం ఎక్కడా లేదు.

"ఏమైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్ళు చాలామంది. అడగడం మళ్ళీ మన మీదే పడుతుంది కాబట్టి ఆ మాట మంచిదే అయినా బరువుగా ఉంటుంది. ఇద్దరు స్నేహితులకి ఆయన ఇలా రాశారు: "ఇప్పుడేం వద్దు. వారానికోసారి ఏదో ఒకటి పెడుతూ ఉండు. జవాబు రాకపోతే ఏమీ అనుకోవద్దు, ఆపేయొద్దు." నా అనుభవంలో ఒక మనిషి ఇంకో మనిషిని ఇంతకన్నా బాగా వాడుకున్నది చూడలేదు.

ఆఫీసులో ఒకాయన శోకంలోని అయిదు దశల (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) బొమ్మ పంపి, నువ్వు ఇప్పుడు కోపం దశలో ఉన్నావు అని రాశారట. తాను దశలు సరిగ్గా దాటట్లేదేమోనని మన క్లయింట్ నిజంగా టెన్షన్ పడ్డారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో ఆ అయిదు దశలు చెప్పింది చావుకి దగ్గరలో ఉన్న రోగులతో మాట్లాడి, వాళ్ళ గురించే. ఆ తర్వాత వాటిని శోకానికీ అంటించారు. అందరూ వరసగా ఎక్కాల్సిన మెట్లు అవి కావు. ఇది విని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అంతే, ఆ విషయం అక్కడితో తీరిపోయింది.

ఇంకొకరు ఉన్నారు. పలకరించనివాడు. ఇరవై ఏళ్ళుగా స్నేహితుడు, మొదటి రోజు వచ్చి వెళ్ళాక ఒక్క మాటా లేదు. 64 మెసేజ్‌లు పెట్టినవాళ్ళందరి మీద కన్నా ఆ లేని ఒక్క మెసేజ్ మీద ఆయనకి ఎక్కువ బాధ. లేమన్, ఎలార్డ్, వార్ట్‌మన్ అనే పరిశోధకులు 1986లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి చెప్పాను. ప్రమాదాల్లో భర్తనో భార్యనో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్ళని, వాళ్ళకేం సాయపడిందని అడిగారు. సలహాలూ, త్వరగా తేరుకోమనడమూ పనికిరాలేదన్నారు, మాట్లాడనిచ్చినవాళ్ళూ అదే అనుభవం ఉన్నవాళ్ళూ పనికొచ్చారన్నారు. అలాంటి దుఃఖం ఎరగని మామూలు జనాన్ని మీరైతే ఏం చేస్తారని అడిగితే, వాళ్ళు కూడా సరైనవే చెప్పారు. అంటే తెలియక కాదు, ఎదురుగా నిలబడేసరికి బిగుసుకుపోతారు. ఇది విన్న వారానికి ఆయనే స్నేహితుడికి రాశారు: "నువ్వు ఏమీ రాయలేదు. ఏం రాయాలో తెలియకపోతే అదే రాయి." అయిదు నిమిషాల్లో ఫోన్ మోగిందట.

ఒక్క జాగ్రత్త. "వాళ్ళ ఉద్దేశం మంచిదే కదా, సర్దుకో" అని నేను ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు. మంచి ఉద్దేశంతో అన్న మాట కూడా గుచ్చుకుంటుంది. అవతలివాళ్ళని అర్థం చేసుకునే పని అప్పటికే దెబ్బ తిన్న మనిషికి మొదటి రోజే అప్పగించకూడదు. ఓపిక వచ్చాక వాళ్ళే చేస్తారు, ఈయన చేసినట్టు.

ముగింపు నాటికి

మొత్తం 9 సెషన్లు, మొదటి ఆరు వారానికొకటి, మిగతావి రెండు వారాలకొకటి. చివరి సెషన్‌లో పీహెచ్‌క్యూ-9 స్కోరు 5. ఇందులో కౌన్సెలింగ్ వాటా ఎంతో, గడిచిన కాలం వాటా ఎంతో ఒక్క కేసు చూసి చెప్పలేం. మూడు నెలల తర్వాత ఫోన్‌లో ఫాలోఅప్ చేశాను. అప్పటికి అమ్మగారు పోయి ఆరు నెలలు దాటింది కాబట్టి దీర్ఘకాలిక శోకం లక్షణాల గురించి విడిగా అడిగాను. అమ్మ గుర్తొస్తోంది, ఏడుపు వస్తోంది, బతుకు నడుస్తోంది. రోగం అనదగ్గది కనపడలేదు.

నా పద్ధతిలో ఒకటి మారింది. ఇప్పుడు శోకంతో వచ్చిన ఎవరినైనా మొదటి సెషన్‌లోనే అడుగుతున్నాను: ఎవరైనా పలకరించినప్పుడు సరిగ్గా ఆ క్షణంలో మీకేమవుతుంది, చూపించగలరా? జవాబులు నేర్పే పని ఆ తర్వాతే.

ఆ ఫాలోఅప్ ఫోన్‌లోనే, అమ్మ పేరు ఏ వరసలో ఉందో ఇప్పుడు లెక్కపెట్టట్లేదని ఆయన చెప్పారు. పిన్ చేయలేదు. చూడాలనిపిస్తే పేరు కొట్టి వెతుక్కుంటున్నారట. 22 సెకన్ల మెసేజ్ గురించి నేను అడగలేదు. ఆయనే చెప్పారు. అక్కతో కలిసి విందామనుకున్నారట. ఇద్దరికీ కుదిరే రోజు చూసుకుంటున్నారు.